గడ్డపెరుగు లోపలి గడియారాలు: మెత్తని పదార్థాల కదలికను న్యూట్రాన్లు ఎలా పట్టుకుంటాయి

క్లుప్తంగా: పెరుగు, సబ్బు, రబ్బరు, జీవకణం పొర లాంటి మెత్తని పదార్థాల గుణం వాటి నిర్మాణంతో పాటు లోపలి కదలిక మీద కూడా ఆధారపడుతుంది. అణువు ఎంత దూరం కదిలింది, ఎంత సేపట్లో కదిలింది అనే రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబిచ్చే పద్ధతులు కొద్ది. వాటిలో న్యూట్రాన్ స్పెక్ట్రోస్కోపీ ముఖ్యమైనది. పదార్థానికి తగిలి చెదిరిన న్యూట్రాన్ల శక్తి ఎంత మారిందో కొలవడమే ఈ పద్ధతి. న్యూట్రాన్ల నెమ్మదితనం, హైడ్రోజన్‌ను వెతికి పట్టుకునే గుణం దాని బలాలు. న్యూట్రాన్ల కొరత, ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి గణిత మోడళ్ల మీద ఆధారపడాల్సి రావడం దాని ఇబ్బందులు.

గిన్నె వంచినా జారని గడ్డపెరుగులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే. అన్ని నీళ్లున్నా ఎందుకు జారదు? పాలు తోడుకునేటప్పుడు కేసీన్ అనే ప్రోటీన్ వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి అంటుంది బడి పుస్తకం. అది సరైన జవాబే గానీ సగం జవాబు. వలలో చిక్కిన నీటి అణువు ఆగిపోలేదు. ఒక్కొక్కటీ సెకనులో లక్ష కోట్లవ వంతు సమయంలో, అంటే పికోసెకను లెక్కన, చోటు మారుతూనే ఉంటుంది. ప్రోటీన్ గొలుసులోని ముక్కలు దానికంటే వందల వేల రెట్లు నెమ్మదిగా ఊగుతాయి. వల మొత్తం సర్దుకోవడానికి గంటలు పడుతుంది. మర్నాటికి పెరుగు మీద నీరు తేరడం ఆ సర్దుబాటు ఫలితమే.

బయటికి కదలనట్టు కనిపించే ఒకే గిన్నెలో ఇన్ని గడియారాలు ఒకేసారి నడుస్తున్నాయి. సాఫ్ట్ మ్యాటర్ అని భౌతిక శాస్త్రవేత్తలు పిలిచే పదార్థాలన్నిటి స్వభావం ఇదే. సబ్బు నురగ, పెయింటు, టైరు రబ్బరు, షాంపూ, పాలిథిన్, కణపొర, వ్యాక్సిన్‌ను మోసే కొవ్వు బుడగలు అన్నీ ఈ కుటుంబంలోవే. ఫొటోలో చూస్తే రెండు పదార్థాలు ఒకేలా ఉండొచ్చు. ఒకటి సాగుతుంది, రెండోది పెళుసుగా విరుగుతుంది. తేడా కదలికలో ఉంటుంది.

ఈ కదలికను కొలవడానికి న్యూట్రాన్లను అందించే రియాక్టర్లు, ఇతర కేంద్రాల గురించి ఇటీవలి కాలంలో చర్చ పెరిగింది. యూరప్‌లో 2019లోనే ఫ్రాన్స్‌లోని ఓర్ఫే, బెర్లిన్‌లోని బీఈఆర్-2 రియాక్టర్లు మూతపడ్డాయి. అమెరికాలో ఎన్ఐఎస్‌టీ అనే జాతీయ ప్రమాణాల సంస్థ పరిశోధన రియాక్టర్ 2021 ఫిబ్రవరిలో ఇంధన కడ్డీ దెబ్బతిని ఆగిపోయి, రెండేళ్ల తర్వాత గానీ మళ్లీ మొదలు కాలేదు. స్వీడన్‌లోని లుండ్ నగరంలో భారీ ఖర్చుతో యూరోపియన్ స్పాలేషన్ సోర్స్ అనే న్యూట్రాన్ కేంద్రం కడుతున్నారు. సబ్బు నీళ్లను చూడటానికి ఇంత హంగామా దేనికన్న సందేహం సహజం. జవాబు న్యూట్రాన్ స్వభావంలోనే ఉంది.

వేడిని తోడు తెచ్చుకునే కణం

1932లో జేమ్స్ చాడ్విక్ కనిపెట్టిన న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. పరమాణువు చుట్టూ ఉండే ఎలక్ట్రాన్ మేఘాన్ని పట్టించుకోకుండా దూసుకెళ్లి, నేరుగా కేంద్రకానికి తగిలి చెదురుతుంది. రియాక్టర్‌లో యురేనియం విడిపోయినప్పుడు పుట్టే న్యూట్రాన్‌కు సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (సూక్ష్మ కణాల శక్తికి కొలమానం ఇది) శక్తి ఉంటుంది. అంత వేగంతో వస్తే మెత్తని పదార్థం గురించి అది చెప్పగలిగేది ఏమీ లేదు. అందుకే ముందు దాన్ని నీటిలోనో, హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న భారజలంలోనో తిరగనిస్తారు. అక్కడి కేంద్రకాలను ఢీకొంటూ ఢీకొంటూ శక్తి పోగొట్టుకుని, చివరికి ఆ నీటి ఉష్ణోగ్రతకే దిగివస్తుంది. అప్పటికి దాని శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతు, వేగం సెకనుకు దాదాపు 2,200 మీటర్లు, తరంగదైర్ఘ్యం సుమారు 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు).

విషయమంతా ఈ మూడు అంకెల్లో ఉంది. గది ఉష్ణోగ్రతలో అణువులను కుదిపే వేడి శక్తి కూడా ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతే. న్యూట్రాన్ కూడా అదే వేడిలో మునిగి వచ్చింది కాబట్టి ఈ పోలిక కాకతాళీయం కాదు. ఇక తరంగదైర్ఘ్యం పక్కపక్క పరమాణువుల మధ్య దూరంతో సరితూగుతుంది. దూరాన్నీ కదలికనూ ఒకే కొలబద్దతో కొలవగలగడం ఈ జోడింపు వల్లే సాధ్యమైంది. మెత్తని పదార్థాలకు ఇంకా నెమ్మదైన న్యూట్రాన్లు కావాలి కాబట్టి, వాటిని ద్రవ హైడ్రోజన్ లేదా ద్రవ డ్యుటీరియం గుండా పంపి మరింత చల్లబరుస్తారు. అలా వచ్చే 5 ఆంగ్‌స్ట్రామ్‌ల చల్లని న్యూట్రాన్ వేగం సెకనుకు 790 మీటర్లు. తుపాకీ గుండు వేగం కూడా సుమారు ఇంతే.

ఎక్స్-రేతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్‌ల ఎక్స్-రే శక్తి దాదాపు 8,000 ఎలక్ట్రాన్ వోల్టులు. నీటి అణువు కదలిక వల్ల ఆ శక్తిలో వచ్చే మార్పు ఎలక్ట్రాన్ వోల్టులో పదివేలవ వంతు ఉంటుందనుకుంటే, ఎనిమిది కోట్లలో ఒక వంతు తేడాను పట్టుకోవాలి. సముద్రంలో చెంబుడు నీళ్లు పోసి మట్టం పెరిగిందో లేదో చూసినట్టు ఉంటుంది. అదే మార్పు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల న్యూట్రాన్ శక్తిలో నూటికి మూడు పాళ్లు. దాని వేగం 790 నుంచి సుమారు 802 మీటర్లకు పెరుగుతుంది. శాంపిల్ నుంచి మూడు మీటర్ల దూరంలో డిటెక్టర్ పెడితే, మామూలుగా 3.8 మిల్లీసెకన్లలో చేరాల్సిన న్యూట్రాన్ దాదాపు 57 మైక్రోసెకన్లు ముందే చేరుతుంది. ఆ తేడాను కొలవడం ఎలక్ట్రానిక్స్‌కు చిన్న పని. నెమ్మదిగా నడిచేవాడి అడుగులో తడబాటు కంటికి కనిపిస్తుంది, రైల్లో పోయేవాడి తడబాటు కనిపించదు.

ఈ సూత్రాన్ని పనిముట్టుగా మలిచినవాడు కెనడాలోని చాక్ రివర్ ప్రయోగశాలలో పనిచేసిన బెర్ట్రామ్ బ్రాక్‌హౌస్. పరమాణువులు ఎక్కడున్నాయో న్యూట్రాన్లతో చూపిన క్లిఫర్డ్ షల్, అవి ఏం చేస్తున్నాయో చూపిన బ్రాక్‌హౌస్ 1994లో భౌతిక శాస్త్ర నోబెల్ పంచుకున్నారు. పని 1940, 50ల నాటిది, బహుమతి మాత్రం నలభై ఏళ్ల తర్వాత వచ్చింది.

హైడ్రోజన్ ఒకలా, డ్యుటీరియం మరోలా

మెత్తని పదార్థాలు చాలావరకు కార్బన్, ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్‌తో తయారవుతాయి. వీటిలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ ఎక్స్-రే కంటికి దాదాపు ఆనదు. న్యూట్రాన్‌కు మాత్రం అన్నిటికంటే ముందు కనిపించేది అదే. న్యూట్రాన్‌ను చెదరగొట్టే సామర్థ్యాన్ని బార్న్ అనే ప్రమాణంలో కొలుస్తారు. హైడ్రోజన్‌కు అది సుమారు 82 బార్న్‌లు, కార్బన్‌కు ఐదున్నర, ఆక్సిజన్‌కు నాలుగు చిల్లర. హైడ్రోజన్ ఐసోటోపే అయిన డ్యుటీరియానికి ఏడున్నర మాత్రమే.

రసాయనికంగా హైడ్రోజన్, డ్యుటీరియం దాదాపు ఒకటే. అణువులో ఒకదాని చోట ఇంకోటి పెడితే పదార్థం స్వభావం పెద్దగా మారదు గానీ, న్యూట్రాన్ దృష్టిలో మాత్రం వెలుగుతున్న దీపాన్ని ఆర్పినట్టవుతుంది. సబ్బు అణువు కదలికే కావాలంటే సబ్బును మామూలుగా ఉంచి, మామూలు నీటికి బదులు భారజలం పోస్తారు. నీటి గోల తగ్గి సబ్బు సంకేతం పైకి వస్తుంది. నీటి కదలికే కావాలంటే దీన్ని తిరగేస్తారు.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. న్యూట్రాన్ తరంగాన్ని హైడ్రోజన్, డ్యుటీరియం ఎదురెదురు గుర్తులతో చెదరగొడతాయి. ఒకటి రుణం, ఒకటి ధనం. అందుకే సుమారు 92 పాళ్ల మామూలు నీటిలో 8 పాళ్ల భారజలం కలిపితే, నిర్మాణాన్ని చూసే న్యూట్రాన్లకు ఆ నీరు ఖాళీ చోటులా కనిపిస్తుంది. భారజలం పాలు నలభై దాకా పెంచితే అందులోని ప్రోటీన్ మాయమవుతుంది. ప్రోటీన్, కొవ్వు రెండూ కలిసి ఉన్న చోట ఒకదాన్ని దాచి ఇంకోదాన్ని చూడటం ఇలా కుదురుతుంది. ఇంత సులువైన కిటుకు మరే పద్ధతిలోనూ లేదు.

ఈ కథలో తెలుగు నేలకు నిజమైన చోటు ఇక్కడే ఉంది. ప్రకృతిలోని నీటిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు దాదాపు 150 డ్యుటీరియం పరమాణువులు ఉంటాయి. తెలంగాణలోని మణుగూరు దగ్గరున్న భారజల కర్మాగారం గోదావరి నీటి నుంచి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో, ఆ కొద్ది డ్యుటీరియాన్నీ అంచెలంచెలుగా పోగుచేసి భారజలం తయారుచేస్తుంది. అక్కడి ఉత్పత్తి ప్రధానంగా అణువిద్యుత్ రియాక్టర్ల కోసం. ప్రయోగశాలలకు కావలసింది అందులో చిటికెడు. అయితే డ్యుటీరియం పెట్టిన కొవ్వులు, పాలిమర్లు తయారు చేయడానికి ముడిసరుకు చివరికి భారజలమే.

ఇక్కడ ఒక జాగ్రత్త మాట చెప్పుకోవాలి. స్వభావం పెద్దగా మారదు అంటే అసలు మారదని కాదు. భారజలం 3.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. గది ఉష్ణోగ్రతలో దాని చిక్కదనం మామూలు నీటి కంటే నాలుగో వంతు దాకా ఎక్కువ. భారజలంలో కొలిచిన వేగాన్ని మామూలు నీటికి యథాతథంగా అంటగడితే లెక్క తప్పుతుంది.

మూడు రకాల గడియారాలు

రైలు కూత వేస్తూ దగ్గరికి వస్తుంటే స్వరం హెచ్చుగా, దూరమవుతుంటే తగ్గుగా వినిపిస్తుంది. కదిలే పరమాణువుకు తగిలిన న్యూట్రాన్ శక్తి కూడా అలాగే కొంచెం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. పరమాణువులు ఏ దిశలో పడితే ఆ దిశలో తిరుగుతుంటాయి కాబట్టి, సన్నని గీతలా ఉండాల్సిన శక్తి రేఖ రెండు వైపులా పరుచుకుని వెడల్పవుతుంది. దీన్నే క్వాసై ఎలాస్టిక్ న్యూట్రాన్ స్కాటరింగ్, పొట్టిగా క్వెన్స్ అంటారు. కదలిక ఎంత వేగమైతే రేఖ అంత వెడల్పు. నెమ్మదైన కదలికను చూడాలంటే అంత సన్నని వెడల్పును కొలిచే పరికరం కావాలి. పరికరాల్లో తేడాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

మొదటిది టైమ్ ఆఫ్ ఫ్లైట్. న్యూట్రాన్ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది అన్నదే దాని లెక్క. పికోసెకను నుంచి కొన్ని పదుల పికోసెకన్ల దాకా జరిగే కదలికలకు, అంటే నీటి అణువుల దూకుళ్లకు, గొలుసు చివరి మిథైల్ గుంపుల గిరగిరలకు ఇది సరిపోతుంది.

రెండోది బ్యాక్ స్కాటరింగ్. సిలికాన్ స్ఫటికం నుంచి న్యూట్రాన్లను వచ్చిన దారినే వెనక్కి తిప్పి, ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షలవ వంతు తేడాను కూడా గుర్తిస్తుంది. మిట్టమధ్యాహ్నం అయిదు నిమిషాలు అటూ ఇటూ అయినా నీడ పొడవు దాదాపు మారదు. సాయంత్రం అదే అయిదు నిమిషాలకు బాగా సాగుతుంది. సరిగ్గా వెనక్కి తిరిగే కోణం దగ్గర కూడా అంతే. న్యూట్రాన్ దిశ కాస్త తేడాగా ఉన్నా ఎంపికయ్యే తరంగదైర్ఘ్యం కదలదు. ఆ నిలకడ వల్ల నానోసెకను దాకా, అంటే సెకనులో వంద కోట్లవ వంతు దాకా జరిగే కదలికలు దొరుకుతాయి.

మూడోది స్పిన్ ఎకో. 1972లో హంగరీ శాస్త్రవేత్త ఫెరెంట్స్ మెజెయ్ దీన్ని ప్రతిపాదించాడు. మొదటి రెండు పద్ధతుల్లో సన్నని తేడా పట్టాలంటే ఒకే వేగమున్న న్యూట్రాన్లను ఏరుకోవాలి. ఏరుకుంటే మిగిలేవి బహు కొద్ది. మెజెయ్ ఈ ముడిని వేరే దారిలో విప్పాడు. ఎడ్ల బండ్ల పందెం ఊహించుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. పది జతలు ఒకే గీత నుంచి తలో వేగంతో బయల్దేరాయి. ఈల వినగానే ఎక్కడివి అక్కడే వెనక్కి తిరిగి అదే వేగంతో రావాలి. వెళ్లినంత సేపే పట్టి అన్నీ ఒకేసారి గీత చేరతాయి. మధ్యలో ఒక జత కాస్త వేగం మార్చుకుంటే అది మాత్రం గీత దగ్గర తేలదు. స్పిన్ ఎకోలో గీత స్థానంలో ఉండేది న్యూట్రాన్ స్పిన్, అంటే దానిలోని చిన్న అయస్కాంతం చూపే దిక్కు. శాంపిల్‌కు ముందున్న అయస్కాంత క్షేత్రంలో అది బొంగరంలా ఒక దిక్కు తిరుగుతుంది, శాంపిల్ తర్వాతి క్షేత్రంలో అన్నే చుట్లు వెనక్కి తిరుగుతుంది. శాంపిల్ లోపల వేగం మారని న్యూట్రాన్ స్పిన్ మొదటి స్థానానికే వస్తుంది. మారినది రాదు. ఎంత భాగం వెనక్కి వచ్చిందో చూస్తే కదలిక తెలుస్తుంది. వేగాల్లో నూటికి పది, పదిహేను పాళ్ల తేడా ఉన్న న్యూట్రాన్లను కూడా వాడుకుంటూ వందల నానోసెకన్ల దాకా వెళ్లొచ్చు. ఫలితం కూడా రేఖ వెడల్పుగా కాకుండా నేరుగా సమయం లెక్కలోనే వస్తుంది.

దీనికీ ఒక బెడద ఉంది. హైడ్రోజన్ నుంచి చెదిరే న్యూట్రాన్లలో ఎక్కువ భాగానికి స్పిన్ తిరగబడిపోతుంది, దాంతో సంకేతం బలహీనపడుతుంది. మొదటి రెండు పద్ధతులకు వరమైన హైడ్రోజనే ఇక్కడ తలనొప్పి. స్పిన్ ఎకోకు వెళ్లే శాంపిళ్లలో డ్యుటీరియం ఎక్కువగా ఉండటం అందుకే.

పావు మిల్లీమీటరు కూడా లేని శాంపిల్

బయటి నుంచి చూస్తే ప్రయోగం చాలా సాదాసీదాగా ఉంటుంది. సబ్బు ద్రావణాన్ని పలుచని అల్యూమినియం డబ్బాలో పోసి, మూత చుట్టూ మెత్తని ఇండియం తీగ వేసి బిగిస్తారు. అల్యూమినియం న్యూట్రాన్లకు దాదాపు గాజులా పారదర్శకం. ద్రవం మందం మాత్రం మామూలు నీటికైతే 0.2 మిల్లీమీటర్ల దగ్గరే ఆపాలి. అప్పుడు వచ్చిన న్యూట్రాన్లలో పదో వంతే చెదురుతాయి, మిగతావి దాటిపోతాయి. ఇన్ని కోట్లు పోసి తెచ్చిన న్యూట్రాన్లలో పదింట తొమ్మిది పాళ్లు వృథాగా పోనివ్వడం వింతగా తోచవచ్చు. మందం పెంచితే ఒకే న్యూట్రాన్ రెండు మూడు సార్లు చెదిరి, ఏ అణువు సంగతి చెబుతుందో తేల్చలేని కలగాపులగం అవుతుంది.

తర్వాత ఖాళీ డబ్బాను విడిగా కొలిచి తీసేస్తారు. కదలిక లేకపోయినా పరికరం తన వంతుగా ఎంత వెడల్పు చూపిస్తుందో తెలుసుకోవడానికి వనేడియం ముక్కను కొలుస్తారు. చేతికి వచ్చేది ఒక గుట్టలాంటి వక్రరేఖ. మధ్యలో నిటారు శిఖరం, దాని చుట్టూ పరుచుకున్న పాదం. శిఖరం కదలని వాటిది లేదా ఒక పంజరంలో చిక్కుకుని తిరిగే వాటిది, పాదం కదిలే వాటిది.

25 డిగ్రీల నీటిని తీసుకుందాం. దాని వ్యాపన గుణకం, అంటే అణువులు ఎంత త్వరగా వ్యాపిస్తాయో చెప్పే అంకె, సెకనుకు 2.3 చదరపు మైక్రోమీటర్లకు వెయ్యి రెట్లు. ఒక ఆంగ్‌స్ట్రామ్‌కు ఒక రేడియన్ చొప్పున (చెదిరే కోణంతో పాటు పెరిగే విలువ ఇది) చూసే కోణంలో పాదం సగం వెడల్పు ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షలవ వంతులు సుమారు 150 వస్తుంది. కోణం మార్చుతూ పోతే వెడల్పు కూడా మారుతుంది. అణువు ఆగకుండా జారుతూ పోతుంటే వెడల్పు ఆ విలువ వర్గానికి అనులోమంగా పెరుగుతూనే ఉండాలి. నిజమైన నీటిలో పెద్ద కోణాల దగ్గర ఆ పెరుగుదల వంగిపోతుంది. అంటే నీటి అణువు జారడం లేదు, ఒకచోట కాసేపు ఆగి, దూకి, మళ్లీ ఆగుతోంది. గది ఉష్ణోగ్రతలో ఆ విరామం పికోసెకను స్థాయిలో ఉంటుంది, నీటిని చల్లబరిచేకొద్దీ పెరుగుతుంది. దూకుడు కదలికకు చడ్లీ, ఎలియట్ 1961లో రాసిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది.

సబ్బు దగ్గర కథ ఇంకా రసవత్తరం. నీటిలో సబ్బు అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి మిసెల్ అనే ఉండలుగా చేరతాయి. నూనె మరకను ఎత్తుకెళ్లేవి ఇవే. క్వెన్స్ ఇక్కడ రెండు కదలికలను విడదీస్తుంది. ఒకటి అణువు మొత్తంగా జరగడం, రెండోది తోక ఊపు. తోకలోని హైడ్రోజన్‌లు చిన్న చిన్న గోళాల్లో చిక్కి తిరుగుతున్నట్టు లెక్కిస్తే కొలత బాగా సరిపోతుంది. తల దగ్గర గోళం చిన్నది, తోక చివరికి వెళ్లేకొద్దీ పెద్దది. శిఖరం ఎత్తు కోణంతో ఎలా తగ్గిందో చూసి పంజరం సైజు చెప్పగలగడం ఈ పద్ధతికి ప్రత్యేకం. కదలిక సమయాలను, అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాల స్పందనను చూసే ఎన్ఎంఆర్ పద్ధతి కూడా చక్కగా చెబుతుంది. పంజరం కొలత మాత్రం నేరుగా చెప్పలేదు.

పొదలో పాము: పాలిమర్ల పాఠం

కరిగిన పాలిథిన్ ఎందుకంత జిగటగా ఉంటుంది? ఒక్కో గొలుసులో వేల ముక్కలు, గొలుసుల మధ్య ఉడికించిన సేమియాలా చిక్కులు. 1971లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త పియర్ జిల్ ద జెన్ ఒక చిత్రం గీశాడు. గొలుసు పక్కకు కదల్లేదు, ఇరుగుపొరుగు గొలుసులు గోడల్లా అడ్డుపడతాయి. అందుకే పొదలో పాములా తన పొడవు వెంబడే ముందుకీ వెనక్కీ పాకుతుంది. ఈ పాకుడుకు రెప్టేషన్ అని పేరు. గోడలతో ఏర్పడిన గొట్టం అనే ఊహను శామ్ ఎడ్వర్డ్స్ ముందే ఇచ్చాడు. గొలుసు పొడవు రెట్టింపైతే చిక్కదనం ఎనిమిది రెట్లు పెరగాలని ఈ సిద్ధాంతం చెప్పింది. ఫ్యాక్టరీల్లో కనిపించేది అంతకంటే కాస్త ఎక్కువ. అంకె దగ్గరగానే వచ్చింది, కానీ చిక్కదనాన్ని వేరే సిద్ధాంతాలు కూడా వివరించగలవు. గొట్టం ఉందని ఎలా తేల్చాలి?

స్పిన్ ఎకో ఇక్కడ తీర్పరి అయింది. డ్యుటీరియం పాలిమర్‌లో కొద్దిపాటి హైడ్రోజన్ గొలుసులను కలిపి కరిగించి చూస్తారు. మొదటి కొన్ని నానోసెకన్లు గొలుసు ముక్క స్వేచ్ఛగా ఊగుతుంది, సంకేతం పడిపోతుంది. గొట్టం గోడ తగిలాక ఆ పతనం ఆగి ఒక మట్టం దగ్గర నిలబడాలి. గొట్టమే లేకపోతే పడిపోతూనే ఉండాలి. 1998లో పాలిథిన్ మీద వంద నానోసెకన్లు దాటి చేసిన ప్రయోగంలో ఆ మట్టం స్పష్టంగా కనిపించింది. అది ఎంత ఎత్తులో నిలిచిందో చూసి గొట్టం వ్యాసం నాలుగైదు నానోమీటర్లని లెక్కకట్టారు. ద జెన్‌కు నోబెల్ వచ్చింది 1991లో. ఆయన ఊహకు ఇంత సూటి సాక్ష్యం ఏడేళ్లు ఆలస్యంగా అందింది.

కొలెస్టరాల్ పేచీ

న్యూట్రాన్ చెప్పిందంటే తిరుగులేదన్న అభిప్రాయం ఒకటి అక్కడక్కడా కనిపిస్తుంది. దాన్ని సరిదిద్దడానికి కొలెస్టరాల్ వివాదం మంచి ఉదాహరణ. జీవకణం పొర రెండు వరుసల కొవ్వు అణువులతో తయారవుతుంది. అందులో కొలెస్టరాల్ చేరితే పొర బిగుసుకుంటుందన్నది పాత నమ్మకం. తిన్నని తోకలున్న కొవ్వుల్లో అది నిజమే. తోకల్లో మడత ఉన్న డీఓపీసీ అనే కొవ్వు పొరలో మాత్రం కొలెస్టరాల్ కలిపినా వంగే గుణం మారలేదని పలు కొలతలు చెప్పాయి. ఇవి మైక్రోమీటర్ల సైజు బుడగల మీద, ఎక్స్-రేలతో చేసినవి.

2020లో స్పిన్ ఎకో, ఎన్ఎంఆర్, కంప్యూటర్ సిమ్యులేషన్లు కలిపిన ఒక అధ్యయనం దీనికి ఎదురు తిరిగింది. అదే డీఓపీసీ పొర కొలెస్టరాల్‌తో మూడు రెట్ల దాకా బిగుసుకుందని అది ప్రకటించింది. ఏడాది తిరక్కుండానే అభ్యంతరాలు వచ్చాయి. గొడవ దేనిగురించో చూస్తే ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో కూడా బోధపడుతుంది. స్పిన్ ఎకో కొలిచేది పొర గట్టిదనాన్ని కాదు, పొర అలలు ఎంత త్వరగా సద్దుమణుగుతున్నాయన్నదాన్ని. అలలు సద్దుమణిగే వేగం నుంచి గట్టిదనానికి వెళ్లాలంటే 1996లో జిల్మన్, గ్రానెక్ ఇచ్చిన సూత్రం గుండా పోవాలి. అందులో చుట్టూ ఉన్న నీటి చిక్కదనం ఒక అంశం. అసలు విలువ వేస్తే గట్టిదనం నమ్మలేనంత ఎక్కువ వస్తోందని, నీటి చిక్కదనాన్ని మూడు రెట్లుగా వేసి సరిపెట్టుకోవడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. పొర లోపలి రాపిడిని లెక్కలోకి తీసుకునే మెరుగైన సిద్ధాంతాలు తర్వాత వచ్చాయి. అయినా లెక్కలో ఎక్కడో ఒక ఊహ మిగిలే ఉంటుంది.

రెండు పక్షాలూ తప్పు కానక్కర్లేదు. ఒకరు చూసింది మైక్రోమీటర్ల పొరను, మరొకరు చూసింది కొన్ని పదుల నానోమీటర్లను, వంద నానోసెకన్ల లోపు. నెమ్మదిగా వంచితే సర్దుకుపోయే పొర, ఒక్క ఉదుటున వంచితే బిర్రుగా ఉండవచ్చు. తడి ఇసుక మీద మెల్లగా నిలబడితే కాలు దిగుతుంది, పరుగెత్తితే దిగదు. వైరస్ కణంలోకి దూరేటప్పుడు, ప్రోటీన్ పొరను మెలిపెట్టేటప్పుడు ఏ కొలత వర్తిస్తుందో చెప్పాలంటే ఆ పని ఎంత సేపట్లో జరుగుతుందో తెలియాలి. పత్రికల్లో ఇలాంటి ఫలితం శీర్షిక అయినప్పుడు ఈ ఒక్క వాక్యమే సాధారణంగా జారిపోతుంది.

ధ్రువ నుంచి లుండ్ దాకా

భారత్‌కు ఈ రంగం కొత్త కాదు. చాక్ రివర్‌లో బ్రాక్‌హౌస్ దగ్గర పనిచేసి వచ్చిన పి.కె. అయ్యంగార్ ముంబైలోని ట్రాంబేలో న్యూట్రాన్ స్కాటరింగ్‌కు (న్యూట్రాన్లను చెదరగొట్టి చూసే పనికి) పునాది వేశారు. 1956 ఆగస్టులో అప్సర రియాక్టర్ మొదలైంది, తర్వాత సైరస్, 1985లో 100 మెగావాట్ల ధ్రువ. ద్రవ ఆర్గాన్‌లో పరమాణువుల కదలిక మీద ట్రాంబే నుంచి వచ్చిన 1965 నాటి పని అంతర్జాతీయంగా గుర్తింపు పొందింది. ధ్రువ దగ్గరి క్వెన్స్ పరికరం మీద మిసెల్‌లు, కొవ్వు పొరల అధ్యయనాలు వచ్చాయి. ఆ పరికరం పట్టే తేడా ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షలవ వంతులు 200. అంటే సుమారు పది పికోసెకన్ల లోపు కదలికలే దానికి అందుతాయి. తోక ఊపు దొరుకుతుంది, పొర అల దొరకదు. నానోసెకన్ల ప్రశ్నలకు బ్రిటన్‌లోని ఐసిస్, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్, అమెరికాలోని ఓక్ రిడ్జ్, జపాన్‌లోని జే-పార్క్ లాంటి న్యూట్రాన్ కేంద్రాల్లో సమయం అడగక తప్పదు.

గ్రెనోబుల్‌లోని 58 మెగావాట్ల రియాక్టర్ 1971 నుంచి నడుస్తోంది. అంత గొప్ప కేంద్రంలో కూడా లోపల న్యూట్రాన్ల ధార చదరపు సెంటీమీటరుకు సెకనుకు 1,500 లక్షల కోట్లు. వినడానికి పెద్ద అంకె, సింక్రోట్రాన్ అనే యంత్రం ఇచ్చే ఎక్స్-రే ముందు చాలా చిన్నది. ఆ ధారలో శాంపిల్ దాకా వచ్చేది కొద్ది, వచ్చిన దానిలో చెదిరేది పదో వంతు, చెదిరిన దానిలో డిటెక్టర్ చేరేది మరీ కొద్ది. ఒక స్పిన్ ఎకో ప్రయోగానికి రోజులు పట్టడానికి కారణం ఇదే. రియాక్టర్ ఒకటి మూతపడితే ఆ రోజులు ఇంకెక్కడో క్యూలో చేరతాయి.

స్పాలేషన్ కేంద్రాలు ఈ కొరతను వేరే దారిలో తీరుస్తాయి. వేగంగా పరుగెత్తే ప్రోటాన్లతో బరువైన లోహాన్ని కొట్టి న్యూట్రాన్లను రాలగొడతాయి. ఓక్ రిడ్జ్‌లో ఆ లోహం పాదరసం, సెకనుకు 60 దెబ్బలు. లుండ్‌లో సెకనుకు 14 దెబ్బలే, ఒక్కో దెబ్బ మాత్రం దాదాపు మూడు మిల్లీసెకన్లు సాగేలా రూపొందించారు. చల్లని, నెమ్మదైన న్యూట్రాన్లతో పనిచేసే మెత్తని పదార్థాల పరికరాలకు ఈ పొడవాటి దెబ్బ బాగా కుదురుతుంది. అవసరం బ్యాటరీల నుంచి కూడా వస్తోంది. ఘన పాలిమర్ ఎలక్ట్రోలైట్‌లో లిథియం అయాన్ ముందుకు పోవాలంటే గొలుసు ముక్క ఊగి దారివ్వాలి. ఆ ఊపు పికోసెకన్లు, నానోసెకన్ల మధ్య జరుగుతుంది.

కొరత మధ్య పని సాగిస్తున్న మరో దారి కంప్యూటర్ సిమ్యులేషన్. అణువుల సిమ్యులేషన్ హాయిగా చేరుకోగల కాలం పికోసెకన్ల నుంచి మైక్రోసెకన్ల దాకా, దూరం పదుల నానోమీటర్ల దాకా. న్యూట్రాన్ కిటికీ కూడా దాదాపు అంతే. లేజర్ కాంతి చూసే దూరాలు దీనికంటే పెద్దవి. పొందికైన ఎక్స్-రేలతో చేసే కొలతలు సాధారణంగా దీనికంటే నెమ్మదైనవి, పైగా మెత్తని శాంపిల్‌ను మాడ్చేస్తాయి. సిమ్యులేషన్‌లోని ప్రతి హైడ్రోజన్ కదలికను కూడితే న్యూట్రాన్ కొలిచే రేఖ నేరుగా వస్తుంది, మధ్యలో జిల్మన్, గ్రానెక్ లాంటి సూత్రం అవసరం ఉండదు. రెండు రేఖలూ కలవకపోతే సిమ్యులేషన్‌లోని బలాల లెక్క తప్పో, శాంపిల్ తయారీ తప్పో వెతుక్కోవాలి. ఇప్పుడు బీమ్ టైమ్ (న్యూట్రాన్ కేంద్రంలో కొలతకు కేటాయించే సమయం) కోసం వెళ్లే దరఖాస్తుల్లో చాలావాటికి ముందుగానే ఒక సిమ్యులేషన్ జతపడి ఉంటుంది. ఎన్ని నానోసెకన్ల దగ్గర, ఏ కోణంలో చూడాలో అందులోనే తేల్చుకుని, దొరికిన నాలుగైదు రోజులను అక్కడే ఖర్చు పెడుతున్నారు.